ఆ మలుపులో తాళాలు పలకవు

చిన్న కథ. కారు తలుపు తీసి, సీట్లో సర్దుకుని, బండి కదిలించేంత సేపట్లో అయిపోతుంది. కాకపోతే ఇది ఆ మలుపు కథ. ఆ మలుపులో కారు తలుపు అంత తొందరగా తెరుచుకోదు...

మార్కెట్ వీధి చివర, పాత గోడౌన్ దాటాక రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఒక పక్క గోడౌన్ గోడ. రెండో పక్క దీపం లేని పాత ఇల్లు. పగలు అక్కడ ఏ గొడవా ఉండదు. పొద్దు గూకిందో — తాళాలు పలకవు.

బటన్ నొక్కుతారు. కారు వినదు. దగ్గరికెళ్ళి నొక్కుతారు. తిట్టి నొక్కుతారు. ఇంటి ముందు కుయ్‌మని లేచే కారు అక్కడ మాత్రం ఎవరో పరాయివాళ్ళు పిలిచినట్టు మొహం తిప్పుకుని ఉంటుంది.

మొదట చెప్పింది పళ్ళ డాక్టరు. పన్నెండుసార్లు నొక్కాడట. పదమూడోసారి నొక్కబోతుంటే చెవి పక్కనే ఎవరో బరువుగా నిట్టూర్చారట. పక్కన నిలబడ్డ ఆయన భార్యే నిట్టూర్చి ఉంటుందని మేమంతా అనుకున్నాం గానీ, ఆయనతో అనలేదు. తర్వాత లెక్కల మేష్టారు, అది ఆడ దెయ్యమనీ, డ్రైవింగ్ నేర్చుకుంటూ పోయిందనీ చెప్పాడు. లేదు, మగదే అన్నాడు టైలరు. తాళం పోగొట్టుకుని వెతుక్కుంటూ చచ్చిపోయిన డ్రైవరట, అందుకే ఎవరి తాళమూ పనిచేయనివ్వడట. తాళాన్ని గడ్డం కింద ఆనించి నొక్కితే దెయ్యం వదులుతుందని ఇంకెవరో పుట్టించారు. అప్పట్నుంచీ చీకటి పడితే చాలు, ఆ మలుపులో పెద్దపెద్ద మనుషులు గడ్డం కింద తాళం పెట్టుకుని, మెడ నిక్కించి, ఆకాశం చూస్తూ నిలబడేవారు. చూడ్డానికి దెయ్యం కంటే వాళ్ళే భయంగా ఉండేవారు.

ఆ పాత ఇంట్లోనే దెయ్యం కాపురమని తేల్చాం. తొమ్మిదేళ్ళుగా ఖాళీ ఇల్లది. మా దగ్గర ఎవరింట్లో పాలు విరిగినా పది నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. అలాంటి మేం ఖాళీ అన్నామంటే ఇక ఖాళీయే.

అసలు మనిషి దగ్గరికి ఇంకా రానేలేదు.

తాళం బాబాయ్‌ది మార్కెట్ మొదట్లో ఇనప డబ్బా. లేచి నిలబడితే నెత్తి తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు రోడ్డు మీదికొస్తాయి. పంతొమ్మిదేళ్ళుగా పని అందులోనే, పడక దాని వెనకున్న గదిలో. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే ఆవిడ కూర్చోడానికి చోటేదని మా వెక్కిరింత. ఆయన నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, డబ్బాలో మూతి ముడుచుకోడానికి కూడా చోటు లేదు.

మొదట్లో ఆకురాయి పట్టి ఇత్తడి చెవులు అరగదీసేవాడు. ఇప్పుడు కార్ల తాళాలు. పైకి నల్లటి ప్లాస్టిక్ ముక్క, లోపల గింజంత చిప్. అచ్చు గుద్దినట్టు చెవి కోసినా, ఆ చిప్‌ని కారు గుర్తుపట్టకపోతే ఇంజన్ లేవదు. కొత్త తాళం చేయాలంటే మిషన్ తగిలించి దాన్ని కారుకి పరిచయం చేయాలి.

"ఇంట్లో ఉన్న తాళాలన్నీ పట్టుకురండి," అనేవాడు వచ్చినవాళ్ళతో.

"ఒకటే పోయింది కదా బాబాయ్, రెండోది ఎందుకు?"

"ఆ సమయానికి ఎదురుగా లేనివాళ్ళని మీ కారు లెక్కలోంచి తీసేస్తుందండీ."

ఎవరికైనా తాళం పోతేనే ఆయన ఫోన్ మోగేది. దొరికినవాళ్ళెవరూ ఫోన్ చేయరు కదా. వచ్చినవాళ్ళు చిరాకుగా వస్తారు, పని కాగానే వెళ్ళిపోతారు, మళ్ళీ రెండేళ్ళకి ఇంకో తాళం పోగొట్టుకుని వచ్చినప్పుడు ఆయన పేరు అడుగుతారు.

అందుకే... ఆ మలుపు మీద ఆయనకి కోపం రాలేదు.

మలుపు చెడ్డపేరు తెచ్చుకున్న ఈ ఎనిమిది నెలల్లో వారానికి మూడు నాలుగు ఫోన్లు. సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్ళేవాడు. తాళం పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల్నుంచి సన్నటి ఇనప చెవి ఊడొస్తుంది. దాంతో తలుపు తీసేవాడు. కారు కెవ్వుమని అరిచేది, అరవనిచ్చేవాడు. తర్వాత తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కమనేవాడు. ఇంజన్ లేచేది. ఆ పది నిమిషాలూ మనుషులు ఆయనతో మాట్లాడేవారు. భయపడ్డ మనిషి చాలా మాట్లాడతాడు. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, ఆఫీసులో పడని వాళ్ళ సంగతులు... అన్నీ చెప్పేవారు. కారు కదలగానే అద్దం పైకెత్తేసేవారు.

ఆయన సంచిలో అరచేతిలో పట్టే పరీక్ష పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తాళం గాల్లోకి కబురు పంపుతోందో లేదో చూసేది. పంపుతుంటే పెట్టె మీద చుక్కల్లాంటి దీపాలు వెలుగుతాయి. ఈ ఎనిమిది నెలల్లో ఆ మలుపులో దాన్ని ఒక్కసారైనా బయటికి తీయలేదాయన. తీయాలని అనిపించలేదు.

అంతలో ప్రెసిడెంటు గారి కారు అక్కడ ఆగింది.

ప్రెసిడెంటంటే మా మార్కెట్ సంఘం ప్రెసిడెంటు, టైర్ల షాపు ఆయన. మనిషి కూడా గాలి పట్టిన టైరులాగే ఉంటాడు. ఆ రాత్రి ఆయన పక్కన అత్తగారుంది. బాబాయ్ పక్కూళ్ళో పని మీద ఉండి ఆలస్యంగా వచ్చాడు. నలభై నిమిషాలు ఆవిడ వాచిన మోకాళ్ళతో రోడ్డు మీద నిలబడింది. దెయ్యం ప్రెసిడెంటుని ఏమీ అనలేదు. అత్తగారు అంది.

మర్నాడు శనివారం. టైర్ల షాపు మేడ మీద సంఘం కూర్చుంది. బాబాయ్‌ని నిలబెట్టారు.

"ప్రతిసారీ అక్కడికి నువ్వే ఎలా వస్తున్నావు బాబాయ్?"

"మీరే పిలుస్తారు కదండీ."

"పిలిచిన పది నిమిషాల్లో ఎలా వస్తున్నావు?"

"దగ్గరే కదండీ."

"అదే మేమూ అంటున్నది."

ఆయనకి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. దెయ్యమని చెప్పుకునేదంతా పైపైనేనట. తాళాలు కట్టేస్తున్నది తాళాల మనిషేనని లోపల్లోపల అందరూ అనుకుంటున్నారట. డబ్బా తీయించే కాగితం అప్పటికే టైపు చేయించి పెట్టారు. కింద ఏడు సంతకాలకి ఏడు గీతలున్నాయి.

"సోమవారం సాయంత్రానికి సంగతేంటో తేల్చు. తేలకపోతే సంతకాలు పెట్టేస్తాం," అన్నాడు ప్రెసిడెంటు.

డబ్బా పోతే గది పోతుంది. యాభై మూడేళ్ళ వయసులో ఇంకో వీధిలో, తన మొహం తెలియనివాళ్ళ మధ్య, కొత్తగా కూర్చోవాలి. ఆదివారం చీకటి పడ్డాక బాబాయ్ ఒక్కడే మలుపుకి బయల్దేరాడు. ఆయన్ని ఎవరూ పిలవకుండా అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి.

వీధిలో ఎవరూ లేరు. గోడౌన్ గోడ వెంట నడిచాడు. మలుపు తిరిగి ఆగాడు. సంచిలోంచి పరీక్ష పెట్టె తీశాడు.

ఒక దీపం వెలిగింది.

చేతిలో తాళం లేదు. జేబులో లేదు. దగ్గర్లో కారు లేదు. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు... అయినా దీపం వెలుగుతోంది. ఆర్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ వెలిగింది.

నాలుగు అడుగులు వెనక్కి వేశాడు — ఆరిపోయింది. ముందుకి వచ్చాడు — వెలిగింది.

గోడౌన్ వైపు తిప్పితే మసకబారింది. ఇంటి వైపు తిప్పితే... రెండు దీపాలు.

యంత్రాలకి భయం తెలియదు, అబద్ధం తెలియదు. ఆ ఖాళీ ఇంట్లోంచి ఎవరో ఆగకుండా పిలుస్తున్నారు. ఊపిరి తీసుకోడానికి కూడా ఆగడం లేదు. ఒకే పిలుపు.

గేటు దగ్గరికి వెళ్ళాడు. మూడు దీపాలు.

గేటు తోశాడు. చప్పుడు కాలేదు. ఖాళీ ఇంటి గేటు కీచుమనాలి కదా... ఎవరో నూనె వేశారు.

మెట్లు ఎక్కాడు. నాలుగు.

చీకట్లో చెయ్యి చాచి తలుపు పక్క గోడ తడిమాడు. వేలికి ఏదో జిగురుగా, ముడతగా, మెత్తగా తగిలింది. అయిదు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి.

తలుపు తెరుచుకుంది.

లోపల దీపం లేదు. తెల్లటి ఆకారం ఒకటి, గుమ్మానికి అటువైపు. తర్వాత గుసగుసగా, ఎన్నాళ్ళో వాడని గొంతులా —

"ఇన్నాళ్ళకి వచ్చావా?"

బాబాయ్ పారిపోలేదు. ధైర్యం వల్ల కాదు. వేలు ఇంకా ఆ జిగురుకే అంటుకుని ఉంది.

"ఎవరికోసం వచ్చావు బాబూ?" అంది ఆకారం.

"తాళాల... తాళాలు చేస్తానండీ."

"మా తాళం బాగానే ఉంది. పాడైంది బెల్లు."

దెయ్యాలు బెల్లు గురించి మాట్లాడతాయని ఆయన ఎక్కడా వినలేదు. మెల్లిగా టార్చి వేశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. తెల్లచీర, చెవిలో దూది, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. నేల మీద ఆవిడ నీడ ఉంది. నీడ చూశాక ఆయనకి ఊపిరి వచ్చింది.

ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిందట ఆవిడ. ఎవరినో ఎవరితోనో కలిపి తను తప్పుకునే పని. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. వెనక వంటగది, వెనక పడకగది, వెనక సందులోకి తలుపు. పాలూ కూరగాయలూ అటు నుంచే. ముందు వీధి వాళ్ళం మేం ఇల్లు ఖాళీ అనుకున్నాం. తొమ్మిదేళ్ళలో ఒక్కరమూ మెట్లెక్కి చూడలేదు.

బాబాయ్ టార్చి గోడ మీద వేశాడు. తలుపు పక్కన బెల్లు బటన్. తీగ లేకుండా గాల్లోంచి లోపలి బెల్లుకి కబురు పంపే రకం. దాని మీద అడ్డంగా మూడు వరసల టేపు... బటన్ లోపలికి నొక్కుకుని ఉంది.

"ఈ టేపు ఎవరు వేశారు పెద్దమ్మా?"

"నేనే. బెల్లు పలుకుతోందో లేదో చూద్దామని." ఆవిడ కాస్త సిగ్గుపడ్డట్టు అంది. "బయట నొక్కి లోపలికి వెళ్ళి వినాలి కదా. నేను వెళ్ళేసరికి ఆగిపోయేది. నొక్కి పట్టుకోడానికి ఇంకో మనిషి లేరు. అందుకని టేపు వేసి లోపలికెళ్ళి విన్నాను. పలకలేదు. పాడైందిలే అని వదిలేశాను. టేపు సంగతి మర్చేపోయాను."

ఆ బటన్‌కి బ్యాటరీ లేదు. మాటిమాటికీ మార్చడం ఆవిడ వల్ల కాదని ఎలక్ట్రీషియన్ దాన్ని వరండా లైటు స్విచ్‌కే కలిపాడు. పొద్దు గూకగానే ఆవిడ లోపల్నుంచి లైటు వేస్తుంది, తెల్లవారాక ఆర్పుతుంది. బల్బు ఎప్పుడో మాడిపోయింది. ఆ సంగతి లోపలున్న ఆవిడకి తెలియదు. అలా రోజూ రాత్రి తెల్లవార్లూ ఆ బటన్ పిలుస్తూనే ఉంది. కారు తాళాలదీ అదే గొంతు. పక్కన ఒకడు మైకు పట్టుకుని అరుస్తుంటే మన మాట ఎదుటివాడికి వినపడనట్టు, తాళం మాట కారుకి వినపడలేదు. స్టార్ట్ బటన్‌కి తాళం ఆనిస్తే అది చెవిలో చెప్పడం, దానికి వేరే గొంతు. అందుకే ఇంజన్ లేచేది.

బాబాయ్ ఇదంతా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. కార్ల గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు.

"టేపు వేసి ఎన్నాళ్ళైంది?" అనుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఎనిమిది నెలలు."

"అంతే ఉంటుందండీ."

"గేటు తీసి ఎవరైనా వచ్చుంటే టేపు చూసేవాళ్ళు కదా."

ఆయనకి అబద్ధం చెప్పాలనిపించింది. టార్చి మళ్ళీ బటన్ మీదికి తిప్పాడు.

"బెల్లు పలకక తిరిగి వెళ్ళిపోతున్నారేమో అనుకునేదాన్ని," అంది ఆవిడ. "మా చెల్లెలు వచ్చేయమని ఏడేళ్ళుగా పిలుస్తోంది. నేను వెళ్తే, వచ్చినవాళ్ళు తాళం చూసుకుని వెనక్కి పోతారు కదా అని వెళ్ళలేదు."

బాబాయ్ లోపలి బెల్లు విప్పి చూశాడు. చీమలు గూడు కట్టాయి. దులిపి బిగించాడు. బయటికెళ్ళి టేపు ఊడదీశాడు. పరీక్ష పెట్టె మీద దీపాలన్నీ ఆరిపోయాయి. సంచిలో ఉన్న బల్బు వరండాలో పెట్టాడు.

"నేను బయట నొక్కుతా, మీరు లోపల వినండి."

నొక్కాడు. లోపల మోగింది. బోసిగోడల మధ్య చాలా పెద్ద చప్పుడు.

"మళ్ళీ," అంది ఆవిడ లోపల్నుంచి.

నొక్కాడు.

"ఇంకొక్కసారి."

నొక్కాడు. ఈసారి ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"బాగా పలుకుతోంది. ఇక ఎవరూ రాకపోతే బెల్లు మీద పెట్టడానికి లేదు."

సంఘానికి చూపించడానికి బటన్ ఒక్కరోజు ఇవ్వమని అడిగాడాయన. సాయంత్రం తెచ్చి బిగిస్తానన్నాడు. తన ఫోన్ నంబరున్న కార్డు ఇచ్చాడు.

"తీసుకెళ్ళు బాబూ. నాకు తొందరేం లేదు," అంది.

సోమవారం సాయంత్రం సంఘం బల్ల మీద బాబాయ్ బటన్ పెట్టాడు. పక్కన టేపు ముక్కలు పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంతా విన్నాక ప్రెసిడెంటు బటన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే, ఇది నొక్కితే ఏ కారూ తెరుచుకోదు."

"అవునండీ."

"ఇది నీ దగ్గరుంది."

"నా దగ్గరుంది గానీ —"

"తాళాలు చేసేవాడి దగ్గర, తాళాలు పనిచేయనివ్వని మిషన్."

దెయ్యమంటే ఎనిమిది నెలలు నమ్మిన వాళ్ళు డోర్ బెల్లంటే నమ్మలేదు. పైగా ఆ ఇంట్లో మనిషే లేదన్నారు. ఉందో లేదో చూడండని బాబాయ్ బతిమాలాడు. సరే, సంతకాలకి ముందు అది కూడా చూసేద్దామని ఏడుగురూ టార్చీలు పట్టుకుని బయల్దేరారు, ప్రెసిడెంటు కారులో, మిగతావాళ్ళు నడిచి. వెనక మేం.

మెట్లెక్కాం. తలుపుకి తాళం వేసి ఉంది. పిడికిలంత పాత తాళం, తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

"ఇదేనా నిన్న రాత్రి తెరుచుకున్న తలుపు?" అన్నాడు ప్రెసిడెంటు.

బాబాయ్ వంగి చూశాడు. తాళం రంధ్రం దగ్గర వేలు పెట్టాడు. "నూనె తడి ఉందండీ. పొద్దున్నే వేశారు."

ఆయన మాట ఎవరూ వినలేదు. అందరూ ఆ తుప్పునే చూస్తున్నారు. పళ్ళ డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న... మాట్లాడిందా?"

"మాట్లాడిందండీ."

"ఎలా ఉంది?"

"తెల్లచీర."

"ఏమంది?"

బాబాయ్ జరిగింది జరిగినట్టే చెప్పాడు.

"ఇన్నాళ్ళకి వచ్చావా అంది."

మెట్ల మీద ఎవరు ముందు కదిలారో చెప్పడం కష్టం. నేను కాదు. ప్రెసిడెంటు కారు దగ్గరికి పరుగెత్తి గడ్డం కింద తాళం పెట్టుకుని నొక్కాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఆ మలుపులో, మొదటి నొక్కుకే కారు తెరుచుకుంది. అది చూసి ఇంకా హడలిపోయాడు. కారు అక్కడే వదిలేసి నడిచి ఇంటికెళ్ళాడు.

బాబాయ్ ఒక్కడే ఇల్లు చుట్టి వెనక సందులోకి వెళ్ళాడు. అక్కడ ఇస్త్రీ చేసే ఆవిడ చెప్పింది. తెల్లవారుజామునే ఒక పెట్టె, ఒక చేతిసంచి పట్టుకుని పెద్దమ్మ చెల్లెలింటికి వెళ్ళిపోయిందట. గోడకున్న బెల్లు కూడా విప్పుకుని సంచిలో పెట్టుకుందట.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"రానంది."

మర్నాడు డబ్బా తీయించే కాగితం మీద సంతకానికి ఒక్కరూ రాలేదు. దెయ్యంతో నిలబడి మాట్లాడి, తిరిగొచ్చిన మనిషి డబ్బా జోలికి వెళ్ళేదెవరు. ప్రెసిడెంటే కాగితం చింపేశాడు. ఇప్పుడు ఆయన డబ్బా ముందు నుంచి వెళ్తే నమస్కారం పెడుతున్నాడు. పళ్ళ డాక్టరు తన రెండో తాళం తెచ్చి, చేయించేదేమీ లేకపోయినా, ఒకసారి ముట్టుకోమని ఇచ్చాడు.

పన్నెండో రోజు బాబాయ్ ఫోన్ మోగింది.

"బటన్ నీ దగ్గరే ఉంది కదూ," అంది పెద్దమ్మ. "పారెయ్యి బాబూ. ఇక్కడ పిల్లలు వీధి బెల్లు పట్టుకుని వదలరు. చెవులు పోతున్నాయి." వెనక నిజంగానే ఏదో ఆగకుండా మోగుతోంది.

"వచ్చేస్తారా పెద్దమ్మా?"

"ఎందుకు?" అంది.



ఆవిడ బతికే ఉందని, ఫోన్ నంబరుతో సహా నిరూపించడానికి ఒక్క నిమిషం చాలు. నిరూపిస్తే దెయ్యం పోతుంది. దెయ్యం పోతే డబ్బా పోతుంది. బాబాయ్ ఆ ఫోన్ సంగతి సంఘంలో చెప్పలేదు.

డబ్బా అక్కడే ఉంది. మలుపులో కార్లన్నీ మొదటి నొక్కుకే తెరుచుకుంటున్నాయి. చీకటి పడ్డాక ఆయనకి ఫోన్లు రావడం లేదు.